తుపాకి మీద ఎర్ర చుక్క

కుళ్ళాయమ్మకు ఎన్నికలంటే ప్రాణం. ఊళ్ళో ఎవరినైనా అడగండి, నవ్వుతూ ఇదే మాట చెబుతారు. అరవై రెండేళ్ళ మనిషి, అక్షరం ముక్క రాదు, ఏ పార్టీ జెండా ఏ రంగో కూడా నికరంగా తెలియదు. అయినా బస్టాపు అరుగు మీద నలుగురు కూర్చుని కనిపిస్తే చాలు, కొంగు సర్దుకుంటూ ఆగుతుంది.

"ఏమప్పా, మల్ల ఎలక్షన్ ఎప్పుడంటా?"

"నువ్వేమన్నా నిలబడతావా కుళ్ళాయక్కా? సర్పంచికి నీ పేరే రాపిస్తాం" అని వాళ్ళు ఎగతాళి చేస్తారు. ఆమె నవ్వదు, కోపగించుకోదు. వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంటూ ఇంటిదారి పడుతుంది.

ఓట్లతో ఆమెకు పని లేదు. ఎన్నికల ప్రకటన వచ్చిందంటే ఊళ్ళలోని లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్లో అప్పగించాలి. 2024 మార్చిలో ఆమె కొడుకు విజయ్ కుమార్ తన తుపాకిని గోనెసంచిలో చుట్టి, పెనుకొండకు తీసుకుపోయి ఇచ్చి, రసీదు తెచ్చుకున్నాడు. జూన్ దాకా అది అక్కడే ఉంది. ఆ మూడు నెలలూ కుళ్ళాయమ్మ కడుపునిండా తిన్నది. మధ్యాహ్నం కునుకు తీసింది. మనవరాలు కావ్యకు జోలపాట కూడా పాడింది, ఆ పిల్ల ఏడేళ్ళది, జోలపాట వయసు ఎప్పుడో దాటిపోయింది, అయినా పాడింది. జూన్‌లో మోటారు సైకిల్ మీద ఆ గోనెసంచి తిరిగి వచ్చిన రోజు, చేతిలోని సంగటి ముద్ద కంచంలో వదిలేసి లేచింది. అత్తకు ఎండదెబ్బ తగిలిందనుకుని కోడలు ఉషారాణి మజ్జిగ కలిపి ఇచ్చింది.

వాళ్ళ ఊరు పెనుకొండ నుంచి ధర్మవరం పోయే దారిలో, రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపల. వాన పడితే వేరుశనగ, పడకపోతే దిగులు. వాన పడిన ఏడు కూడా అడవిపందులు నిద్రపోనివ్వవు. ఊడ దిగి కాయ పట్టబోయే చేనును అవి ఒక్క పూటలో దున్నేసి పోతాయి. పిల్లలు లేని పెదనాయన పోయాక, ఆయన పేరున ఉన్న పంట కాపలా తుపాకిని విజయ్ కుమార్ తన పేరుకు మార్పించుకున్నాడు.

అది పాతకాలపు ఒంటిగొట్టం తుపాకి. గొట్టం మూతిలోంచి మందూ రవ్వలూ పోసి దట్టించాలి. వెనక, కొక్కెం కింద చిన్న మొన ఉంటుంది. ఆ మొన మీద రాగి క్యాపు తొడిగి, కొక్కెం లాగి వదిలితే నిప్పు పుట్టి పేలుతుంది. ఒకసారి దట్టించాక ఆ మందును మళ్ళీ బయటికి తీయడం పెద్ద తతంగం. అందుకే పందులు రాని రోజు, దట్టించిన తుపాకిని అలాగే ఇంటికి తెచ్చి, క్యాపు మాత్రం తీసేసి, కొక్కెం సగం లేపి పెట్టుకోవడం ఆ చుట్టుపక్కల అందరికీ అలవాటు.

విజయ్ కుమార్ అజాగ్రత్త మనిషి కాదు. ఆ మాట ఒప్పుకోవాలి. తుపాకి కోసం ప్రత్యేకంగా ఇనపపెట్టె చేయించాడు, దాన్ని గోడకు బిగించాడు, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. క్యాపుల డబ్బా వేరే గదిలో, బీరువా పైన. లైసెన్సు విచారణకు వచ్చిన పోలీసాయన ఆ పెట్టెను చూసి, "అందరూ నీ మాదిరి ఉంటే మాకు పనే ఉండదప్పా" అని మెచ్చుకుని పోయాడు. అయినా కుళ్ళాయమ్మ కసువు ఊడ్చే నెపంతో రోజుకు నాలుగుసార్లు ఆ గదిలోకి పోయి తాళం లాగి చూసేది.

ఒకరోజు ధైర్యం చేసి అడిగింది. "నాయనా, దాన్ని ఒట్టి చేసి పెట్టు. మందు ఉంచొద్దు."

"క్యాపు లేనిది పేలదు లేమా. అది ఉత్త ఇనప గొట్టం. రోకలికి భయపడతావా ఏంది?"

 ఆ మాట ఆమె అంతకుముందే ఒకసారి విన్నది. రోకలితో సహా.

అప్పుడు ఆమెకు ఆరేళ్ళు. నల్లమాడ దగ్గర పుట్టిల్లు. నాయన మద్దిలేటికి ఇలాంటి తుపాకే ఉండేది, ఎత్తున గోడకు, ఎవరికీ అందకుండా. పిల్లలున్న ఇంట్లో అదేమిటని ఇరుగుపొరుగు అంటే, క్యాపు లేని తుపాకీ రోకలీ ఒకటేనని ఆయన నవ్వేవాడు. ఆ ఏడు దీపావళికి గోడలకు సున్నం కొడుతూ తుపాకిని దించి మంచం మీద పెట్టారు. నాయన ధర్మవరం నుంచి ఆమెకు రేకు పిస్తోలు తెచ్చాడు, దానిలో పెట్టి పేల్చే ఎర్ర కాగితపు బిళ్ళలు కూడా తెచ్చాడు. ఒక్కో బిళ్ళా కుంకుమ బొట్టంత ఉంటుంది. మధ్యాహ్నానికల్లా పిస్తోలు విరిగింది. బిళ్ళలు మిగిలిపోయాయి.

నాయన క్యాపు ఎక్కడ తొడుగుతాడో ఆ పిల్ల ఎన్నోసార్లు చూసింది. బిళ్ళను అక్కడ అంటించింది. రెండు బొటనవేళ్ళతో, పళ్ళు బిగబట్టి, కొక్కెం లాగింది. "రామాంజీ, టపాకాయ చూద్దువు రారా" అని తమ్ముణ్ణి పిలిచింది. మూడేళ్ళ వాడు పరుగెత్తుకొచ్చి, రెండు చెవులూ మూసుకుని, నవ్వుతూ ఎదురుగా నిలబడ్డాడు.

ఆ తర్వాత నాయన ఆమెను భుజాలు పట్టుకుని కుదిపి ఒకే మాట మళ్ళీ మళ్ళీ చెప్పాడు. "నువ్వేం చేయలేదు. నేను తుడుస్తాంటే పేలింది. ఎవరడిగినా ఇదే. నువ్వేం చేయలేదు." పోలీసులకూ అదే చెప్పాడు. కోర్టులో అదే చెప్పి జైలుకు పోయాడు, తిరిగి వచ్చాడు, చచ్చేదాకా ఇంకో మాట అనలేదు. అమ్మ కూడా ఏమీ అనలేదు. తిట్టలేదు, కొట్టలేదు. కానీ ఆ రోజు నుంచి అమ్మ కుళ్ళాయమ్మ తల దువ్వలేదు. చిక్కు పడిన జుట్టుతో తిరుగుతుంటే పక్కింటివాళ్ళే ఎవరో ఒకరు పిలిచి జడ వేసేవారు.

నాయన ఆమెను కాపాడాననే అనుకున్నాడు. పాపం, అంతకంటే ఏం చేస్తాడు? కానీ చేయలేదన్న పనికి ఏడవడం ఎలా? పెళ్ళయింది, కొడుకు పుట్టాడు, మొగుడు పోయాడు. ఆ మొగుడికి కూడా ఆమె ఈ సంగతి చెప్పలేదు. కొడుక్కి చిన్నప్పుడు కాకరపువ్వొత్తి కూడా కొననివ్వలేదు. పోయిన దీపావళికి ఉషారాణి కావ్యకు తుపాకి బొమ్మా బిళ్ళలూ కొనిస్తే, కుళ్ళాయమ్మ వాటిని తీసుకుపోయి కుడితి తొట్టిలో పారేసింది. పిల్ల రోజంతా ఏడ్చింది. ముసలితనం చాదస్తమని కోడలు గొణుక్కుంది. గొణగదా మరి? ఎవరికేం తెలుసు?

ఇనపపెట్టె, తాళం, మొలతాడుకు చెవి, అన్నీ సరే. ఆయుధపూజ రోజు మాత్రం ఆ పెట్టె తెరుచుకుంటుంది.

ధర్మవరంలో మగ్గానికీ, రోడ్డు మీద లారీకీ, ఇంట్లో కొడవలికీ ఆ రోజు బొట్టు పెట్టని వాళ్ళు ఉండరు. తుపాకి ఉన్నవాడు తుపాకిని వదిలేస్తాడా? పారలు, కొడవళ్ళు, స్పానర్లు, బోరు మోటారు స్టార్టరు, వాటి మధ్య పీట మీద పట్టుబట్ట పరిచి తుపాకి. పైగా పూజకు పెట్టిన పనిముట్టును మరునాడు పొద్దున దాకా కదపకూడదు. ఏడాదిలో మూడు వందల అరవై నాలుగు రోజులు తాళం వేసి, ఆ ఒక్క రోజు దేవుడి పేరు చెప్పి నడింట్లో పరిచి పెడతారు. పిల్లలున్న ఇంటికి ఆ ఒక్క రోజు చాలు.

స్టేషన్ నుంచి తుపాకి తిరిగి వచ్చిన ఆ ఏడు, పూజకు వారం ముందు విజయ్ కుమార్ పందుల కోసం తుపాకి దట్టించి చేనుకు పోయాడు. వాన పడింది, పందులు రాలేదు. తుపాకి అలాగే పెట్టెలోకి వచ్చింది, అక్కడినుంచి అలాగే పీట మీదికి వచ్చింది. కొడుకు దాన్ని పట్టుబట్ట మీద పెడుతుంటే కుళ్ళాయమ్మ అడిగింది.

"దాంట్లో మందుండాదా?"

"ఉంటే ఏంమా? క్యాపు లేదు కదా."

"దేవుని ముందర దండం పెట్టుకుని, మల్ల పెట్టెలో పెట్టేయి నాయనా. నీ కాళ్ళు మొక్కుతా."

"పూజలో పెట్టింది తీస్తారా యాడన్నా? నువ్వు గమ్మునుండుమా, పండగపూట."

ఉషారాణి పసుపు రాసి, కర్ర మీదా గొట్టం మీదా కొక్కెం మీదా వరుసగా కుంకుమ బొట్లు పెట్టింది. కుళ్ళాయమ్మ దీపం కొండెక్కకుండా చూస్తానని చెప్పి పీట పక్కనే చతికిలబడింది. బొరుగులూ బెల్లమూ పంచినా లేవలేదు. కాఫీ అక్కడికే తెప్పించుకుంది. కావ్య వచ్చి తుపాకి మీద వేలు ఆనిస్తే, ఆ వేలి మీద చరిచింది. పిల్ల బిక్కమొహం వేసుకుని పోయింది.

బయట ట్రాక్టరు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఇంజను స్టార్టు చేశారు. రెండున్నరేళ్ళ కిరణ్, కావ్య తమ్ముడు, ఆ చప్పుడుకు కేరింతలు కొడుతూ చక్రం వైపు పరుగెత్తడం కిటికీలోంచి కనిపించింది. కుళ్ళాయమ్మ గావుకేక పెట్టి బయటికి ఉరికింది. వాణ్ణి ఎత్తుకుని, కోడల్ని తిట్టి, బూడిదగుమ్మడికాయ పగలగొట్టేదాకా వాణ్ణి చంకన వేసుకుని నిలబడింది. పది నిమిషాలు, అంతే. తిరిగి వచ్చేసరికి కావ్య పీట ముందు నుంచి లేచి, గుప్పెట్లో బొరుగులు పట్టుకుని గుంజ దగ్గర నిలబడి ఉంది. తుపాకి ఎలా పెట్టింది అలాగే ఉంది. కుళ్ళాయమ్మ ఊపిరి పీల్చుకుని దీపంలో నూనె పోసింది.

అందరూ లోపలికి వచ్చారు. విజయ్ కుమార్ హుషారుగా ఉన్నాడు. ఫోను తీసి, "కావ్యా, తమ్ముని పక్కన కూచోబెట్టుకో. స్టేటస్ పెడదాం" అన్నాడు. పిల్లలిద్దరినీ చాప మీద కూర్చోబెట్టి, "పీట కాడ్నుంచి దూరం తీసకపోలేదు లే" అని తనకు తానే సర్దిచెప్పుకుని, తుపాకిని ఎత్తి కావ్య ఒళ్ళో అడ్డంగా పెట్టాడు. గొట్టం మూతి కిరణ్ పొట్ట దగ్గరికి వచ్చింది. కిరణ్ ఆ మూతిలో వేలు పెట్టి నవ్వాడు.

కుళ్ళాయమ్మ చూపు మాత్రం కావ్య చేతుల మీదే ఉంది. పిల్ల రెండు బొటనవేళ్ళూ కొక్కెం మీదికి పోయాయి. పళ్ళు బిగబట్టింది. అవి కావ్య వేళ్ళలా కనిపించలేదు ఆమెకు. తన వేళ్ళే కనిపించాయి, సున్నం మరకలతో సహా.

ఎలా లేచిందో ఆమెకే తెలియదు. దీపపు సెమ్మె పడిపోయింది. తుపాకిని గుంజుకుని మూతి కప్పు వైపు ఎత్తి పట్టుకుంది.

"ఏమ్మా, పిచ్చి పట్టిందా నీకు?" విజయ్ కుమార్ అరిచాడు.

"పట్టింది. యాభై ఆరేళ్ళ కిందట పట్టింది." తుపాకి దించకుండానే అంది. "నా తమ్ముని నేనే కాల్చినా నాయనా. మీ తాత కాదు. ఆయప్ప నా కోసం అబద్ధం చెప్పి జైలుకు పోయినాడు. నేను కాల్చినా. ఇదే మాదిరి తుపాకి. ఇట్లనే మందుండె, ఇట్లనే క్యాపు లేకుండె."

 విజయ్ కుమార్ ఫోను కిందికి దించాడు. ఆ మాట నమ్మలేకనో, నమ్మడానికి భయపడో అడిగాడు.

"క్యాపు లేకుండా ఎట్ల పేలింది?"

"దీపావళి బిళ్ళ పెట్టినా. ఎర్రది. కాగితం బిళ్ళ."

అప్పుడు చాప మీద నుంచి సన్నగా ఒక గొంతు వినిపించింది.

"నేను గూడా పెట్టినా అవ్వా."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. అర్థమైంది కుళ్ళాయమ్మకు ఒక్కదానికే. "యాడ పెట్టినావు తల్లీ?" అని మెల్లగా అడిగింది.

"ఆడనే. కొక్కెం కింద. పోయిన దీపావళివి, నా పెన్సిళ్ళ డబ్బాలో దాచిపెట్టుకున్నా. నువ్వు పారేస్తావని నీకు చెప్పలేదు." కావ్య ఏడుపు మొదలుపెట్టింది. "కొక్కెం గట్టిగుండాది. ఇందాక లాగితే రాలేదు. ఒళ్ళో పెట్టుకుని లాగితే వస్తాదనుకున్నా. తమ్మునికి చూపిద్దామని..."

విజయ్ కుమార్ వంగి చూశాడు. కర్ర మీద, గొట్టం మీద, కొక్కెం మీద ఎర్రటి కుంకుమ బొట్లు. కొక్కెం కింద మొన మీద కూడా ఒక బొట్టు. అది మాత్రం కుంకుమ కాదు, కాగితం. పొద్దుటి నుంచి అందరూ వంగి దండం పెట్టుకున్న తుపాకి. తన చేత్తో తనే ఎత్తి పిల్లల ఒళ్ళో పెట్టాడు. ఆ బిళ్ళను తీయబోయాడు.

"ముట్టుకోవద్దు" అంది కుళ్ళాయమ్మ. "ఉషా, కలశం ఇట్లియ్యి."

ఉషారాణి దేవుడి ముందున్న కలశం ఎత్తి ఇచ్చింది. కుళ్ళాయమ్మ మామిడాకులూ కొబ్బరికాయా తీసి పక్కన పెట్టి, ఆ నీళ్ళు ముందు బిళ్ళ మీద పోసింది, తర్వాత గొట్టం మూతిలో పోసింది. నీళ్ళు పట్టుబట్ట మీదుగా, కొడవళ్ళ మీదుగా, పసుపుతో కలిసి నేల మీదికి కారాయి. కలశం అడుగంటేదాకా పోసి, తుపాకిని గోడకు ఆనించింది. అపచారమని ఎవరూ అనలేదు. అనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ మిగల్లేదు.

విజయ్ కుమార్ మరునాటి పొద్దు దాకా ఆగలేదు. ఆ మధ్యాహ్నమే తుపాకిని గోనెసంచిలో చుట్టాడు. స్టేషన్లో కానిస్టేబుల్ రిజిస్టరు తీస్తూ, "ఇప్పుడేం ఎలక్షన్ లేదు కదప్పా, ఏల తెచ్చినావు?" అని అడిగాడట. "ఇంట్లో పిల్లోళ్ళుండారు సార్. ఈడనే పెట్టుకోండి. మల్ల అడగను" అన్నాడట. పందుల సంగతి ఆ ఏటికి అలాగే వదిలేశాడు. సగం చేను పోయింది. పోనీ.

అతను పెనుకొండకు పోయిన ఆ సమయంలో కావ్య ఇంట్లో కనిపించలేదు. వెతగ్గా వెతగ్గా నిరుటి కాయల మూటల వెనక దొరికింది. మోకాళ్ళలో తల దూర్చుకుని కూర్చుంది. ఉషారాణి పిలిస్తే రాలేదు. కుళ్ళాయమ్మ పోయి మూటల పక్కన నేల మీద కూలబడింది.

"నన్ను కొడతారా అవ్వా?"

"కొట్టరు."

"జైల్లో పెడతారా?"

నువ్వేం చేయలేదు అనబోయింది కుళ్ళాయమ్మ. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేసింది. ఆ మాట బరువెంతో మోసినదానికే తెలుసు.

"నువ్వు పెట్టినావు. పెట్టినానని చెప్పినావు. నేనైతే ఇంతకాలం చెప్పలేదు తల్లీ. ముసలిదాన్నయిపోయినా, చెప్పలేదు." ఆ పిల్ల తలను మోకాళ్ళలోంచి పైకి ఎత్తింది. "ఇంకెప్పుడూ అట్లాంటిది దాచద్దు. అవ్వ పారేస్తే ఏడ్సు, కానీ దాచద్దు. పో, దువ్వెన తీసుకురా."

కావ్య లేచి దువ్వెన తెచ్చింది. కుళ్ళాయమ్మ ఆ పిల్లను రెండు మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, తలకు నూనె పెట్టి, చిక్కు తీయసాగింది. తొందరపడలేదు. బయట కిరణ్ నలిగిన నిమ్మకాయతో ఆడుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఉషారాణి తడిసిన నేల తుడుస్తోంది.

"అవ్వా, నీ తమ్ముని పేరేంది?"

దువ్వెన ఆగింది. పుట్టింట్లో ఆ రోజు తర్వాత ఆ పేరు ఎవరూ పలకలేదు. ఆమె కూడా పలకలేదు.

"రామాంజి" అంది కుళ్ళాయమ్మ. "మూడేండ్లు. చెవులు మూసుకుని నవ్వేవాడు."

అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఏడుస్తూనే పాయలు తీసి జడ అల్లింది.